రాసి తెచ్చిన తీర్పు

జస్టిస్ అచ్చయ్యగారు కారు దిగి ఉమారాణి ఇంటి మెట్లు ఎక్కుతుండగా కిందటి వారం కథ ఆపుకున్నాం. ఆదివారం మధ్యాహ్నం. వంటింట్లోంచి చేపల పులుసు వాసన వీధిలోకి కొడుతోంది. తెల్లవారితే సోమవారం, శ్వేతగిరి స్టీల్స్ కేసులో ఉమారాణి తీర్పు చెప్పాల్సిన రోజు.

ఆ కేసు రాయ్‌పూర్‌లో తెలియనివాళ్ళు లేరు. ధర్సీవా దాటాక ఉన్న ఆ కర్మాగారంలో ఆక్సిజన్ ట్యాంకు పేలి ఏడుగురు కూలీలు చచ్చిపోయారు. ట్యాంకు లోపల తుప్పు తినేసిందని యజమాని ధనుంజయ్‌కి ముందే తెలుసు. దాన్ని కంటితో చూడకుండానే భేషుగ్గా ఉందని సర్టిఫికెట్ ఇచ్చిన కేంద్ర ప్రభుత్వ అధికారికీ తెలుసు. కేంద్రం మనిషి ముద్దాయి కావడంతో కేసు మామూలు కోర్టుకి కాక ప్రత్యేక న్యాయస్థానానికి వచ్చింది. ఆ కుర్చీలో ఉమారాణి ఉంది.

ఉమారాణి ఆ కుర్చీ దాకా రావడానికి కారణం ఎవరని అడిగితే, ఆమె ఇద్దరి పేర్లు చెబుతుంది. ఒకటి కన్నతండ్రి చిన్నారావుది. బొబ్బిలి దగ్గర పల్లె నుంచి వచ్చి ఇక్కడి రైల్వే వేగన్ రిపేరు షాపులో ఫిట్టరుగా చేరి, కూతురు లా చదువుతానంటే కాదనకుండా చదివించినవాడు. రెండోది అచ్చయ్యగారిది. ఆయనా రైల్వే కాలనీ బిడ్డే. ఉమారాణి ఆయన దగ్గర జూనియరుగా చేరిన కొత్తల్లో, రాసిన ప్రతి కాగితాన్నీ ఎర్ర సిరాతో కొట్టేసి మళ్ళీ రాయించేవారు. "పెద్ద మాట వాడావంటే నీ దగ్గర చిన్న నిజం ఉందన్నమాట" అని తిట్టేవారు. రాయ్‌పూర్ రాజధానిగా కొత్త రాష్ట్రం ఏర్పడ్డాక ఆయన హైకోర్టు జడ్జి అయి, ఆ కోర్టున్న బిలాస్‌పూర్ వెళ్ళారు. ఉమారాణి పరీక్ష రాసి సివిల్ జడ్జి అయింది. అభన్‌పూర్‌లో మొదటి పోస్టింగు. అక్కడి నుంచి కాంకేర్, జగదల్‌పూర్, మళ్ళీ రాయ్‌పూర్. ఎక్కడికి బదిలీ అయినా మొదటి ఫోను ఆయనకే చేసేది. చిన్నారావు పోయినప్పుడు పాడె మోసిన నలుగురిలో ఆయనొకరు.

అందుకే ఆ ఆదివారం ఆయన వస్తున్నారంటే ఇంట్లో పండగ వాతావరణం. పిలిచింది ఉమారాణి తల్లి రమణమ్మ. రెండురోజుల కిందట ఆయన ఫోనులో, "రమణమ్మా, నీ చేతి పులుసు తిని ఎన్నాళ్ళయిందో" అన్నారు. "ఆదివారం రండి బాబూ" అని ఈవిడ వెంటనే అనేసింది.

"బిలాస్‌పూర్‌లో ఉన్నన్నాళ్ళూ ఆ వంటవాడు ప్రతిదీ ఆవనూనెలో ముంచి చంపేశాడమ్మా" అన్నారు అచ్చయ్యగారు కంచం ముందు కూర్చుంటూ. డెబ్బై ఎనిమిదేళ్ళు వచ్చినా మనిషి నిటారుగా ఉన్నారు. తెల్లచొక్కా చేతులు పైకి మడిచారు.

"తల ముక్క మీకోసమే అట్టిపెట్టినాను బాబూ. తినండి" అంది రమణమ్మ, పులుసు పోస్తూ.

ఆయన చేప తలని రెండు వేళ్ళతో విరిచారు. కన్ను దగ్గర మెత్తటి కండని చప్పరించి, ముల్లు తీసి కంచం అంచున పెట్టారు. ఉమారాణి ఆయన ఎదురుగా కూర్చుంది. తనింకా తినడం మొదలుపెట్టలేదు. గురువుగారు తింటుంటే చూడ్డం ఆమెకి జూనియరుగా చేరిన నాటి నుంచీ ఇష్టం.

"రేపేనా ఫైసలా?"

"రేపే సార్."

"రాసేశావా?"

ఉమారాణి నవ్వింది. "ఆ ప్రశ్న అడక్కూడదని మీరే కదా నేర్పారు."

"నేర్పాను. ఇవాళ నేనే అడుగుతున్నాను. చెప్పు బేటీ."

ఆమె నవ్వు సగంలో ఆగింది. ఆయన జవాబు కోసం చూడలేదు. పక్కనున్న చేతిసంచీలోంచి ఎడంచేత్తో ఒక ప్లాస్టిక్ కవరు తీసి, కంచం మీదుగా ఆమెకి అందించారు. కవరు మూల పులుసుకి తగిలి ఎర్రగా అయింది.

"చదువు."

ఆయన స్వీయచరిత్ర రాసుకుంటున్నారని ఉమారాణి వింది. అందులో ఏదో అధ్యాయం అయివుంటుందనుకుని విప్పింది.

అది తీర్పు. హిందీలో, కోర్టు పద్ధతిలో, పైన కేసు నంబరు, ముద్దాయిల పేర్లు, చివర జడ్జి సంతకానికి ఖాళీ. సంతకం కింద అచ్చులో ఉన్నది ఆమె పేరు.

ఆమెకి మొదట అర్థం కాలేదు. మొదటి పేజీ చదువుతుంటే అది తను రాసిందేమో, ఎవరో దొంగిలించారేమో అనిపించింది. అందరు జడ్జీలూ ముద్దాయి పేరుతో మొదలుపెడితే ఉమారాణి చచ్చిపోయినవాళ్ళ పేర్లతో మొదలుపెడుతుంది. ఇందులోనూ అలాగే ఏడుగురి పేర్లు, వాళ్ళ తండ్రుల పేర్లు, ఊళ్ళ పేర్లు ఉన్నాయి. ఆమెలాగే చిన్న వాక్యాలు. ఆమెలాగే ప్రతి సాక్షి మాటనీ ముందు వాడి మాటల్లోనే చెప్పి, తర్వాత తూకం వేయడం. ఎవరైనా ఒకరి నడకని అద్దంలో చూసి నేర్చుకుని వీధిలో నడిచి చూపిస్తే ఎలా ఉంటుందో అలా ఉంది.

నాలుగో పేజీలో గవరయ్య వచ్చాడు.

గవరయ్య ఆ ట్యాంకు దగ్గర వాల్వు చూసే ఆపరేటరు. పేలుడులో పోయిన ఏడుగురిలో ఒకడు. ఆ కాగితాల ప్రకారం ఆ రోజు అతను తాగి డ్యూటీకి వచ్చాడు. వాల్వు వదిలేసి పక్కకి వెళ్ళాడు. ఒత్తిడి పెరిగిపోయింది. ట్యాంకు తప్పేమీ లేదు. యజమాని తప్పేమీ లేదు. సర్టిఫికెట్ ఇచ్చిన అధికారి తప్పు అసలే లేదు. మిగతా ఆరుగురి చావుకీ, తన చావుకీ గవరయ్యే కారణం. "ఒక మనిషి అలసత్వానికి ఆరు కుటుంబాలు శిక్ష అనుభవిస్తున్నాయని ఈ న్యాయస్థానం బాధతో నమోదు చేస్తోంది."

బాధతో. ఆ మాటని ఉమారాణి రెండోసారి చదివింది.

గవరయ్య తాగాడని చెప్పిన సాక్షి ఒక్కడే, పాన్ దుకాణంవాడు. అతను ఉమారాణి ఎదుటే బోనులో నిలబడి, ఆ రోజసలు దుకాణం తెరవలేదని ఒప్పుకున్నాడు. పోస్టుమార్టంలో మందు జాడ లేదు. అవన్నీ ఈ కాగితాల్లోంచి ఎలకలు కొరికేసినట్టు మాయమయ్యాయి.

తల ఎత్తి చూసింది. ఆయన చేప దవడ ఎముకని నోట్లో పెట్టుకుని పీలుస్తున్నారు. మీసాల మీద పులుసు మెరుస్తోంది.

"ఎవరు రాశారు సార్ ఇది?"

"నీలా ఇంకెవరు రాయగలరు? నేనే." ఆయన గొంతులో గర్వం ఉంది. "ఎలా ఉంది? నీ చెయ్యేననిపించడం లేదూ?"

"మీరా."

"నువ్వు రాసే ప్రతి వాక్యం నా ఇంట్లో పుట్టిందే కదమ్మా. కష్టమేమీ కాలేదు." ముల్లు తీసి అంచున పెట్టారు. వరసగా, పెద్దవి ఒకవైపు, చిన్నవి ఒకవైపు. "విను. హైకోర్టుకి వెళ్ళే జడ్జీల జాబితాలో నీ పేరుంది. నీకు తెలియదేమో, నాకు తెలుసు. ఢిల్లీలో ఆ కాగితం కదలాలంటే ఎవరో ఒకరు కదపాలి. కదిపేవాళ్ళకి ధనుంజయ్ కావలసినవాడు. ఫిట్టరు చిన్నారావు కూతురు జస్టిస్ ఉమారాణి కావాలని నేను కోరుకోవడం తప్పా?"

"గవరయ్య భార్య ఉంది సార్. దాలమ్మ. ప్రతి పేషీకీ ధర్సీవా నుంచి వచ్చి వెనక బెంచీలో కూర్చుంటుంది. ఆవిడ మొగుడే అందరినీ చంపాడని ఆవిడ ముందు చదవమంటున్నారా?"

"చచ్చినవాడికి పరువేమిటమ్మా? బతికున్నవాళ్ళకి కావాలి గానీ." ఆయన వేళ్ళు నాకారు. "చదవడం ఇష్టం లేదా, ఛోడ్ దో, వదిలెయ్. జ్వరమని సెలవు పెట్టు. ఇంకొకరు వచ్చి చదువుతారు. పని ఆగదు."

ఇంకొకరు వచ్చి చదువుతారు. ఆ మాట అంత తేలిగ్గా వచ్చిందంటే దాని వెనక ఎంత అలవాటు ఉండాలి! ఉమారాణి అడగకూడదనుకుంటూనే అడిగింది.

"ఇలా ఇంతకుముందు కూడా రాశారా?"

"రిటైరయ్యాక ఖాళీగా ఎంతకాలం కూర్చుంటాం?" ఆయన నవ్వారు. "పోయినేడాది ఆ గని కేసు తీర్పు చదివి నువ్వు నాకు ఫోన్ చేశావు, గుర్తుందా? కొత్త జడ్జి ఎంత బాగా రాశాడో, శిక్షణకొచ్చే పిల్లలందరికీ చదివి వినిపిస్తున్నానన్నావు. అరే, ఆ కుర్రాడికి అంత భాష ఎక్కడిదమ్మా?"

ఉమారాణి ఒళ్ళంతా గొంగళిపురుగులు పాకినట్టయింది. ఆ తీర్పుని ఆమె నిజంగానే పాఠంలా చెప్పింది. న్యాయం అంటే ఇలా రాయాలర్రా అని, ఆడపిల్లలూ మగపిల్లలూ నోట్సు రాసుకుంటుంటే చదివి వినిపించింది. ఆ గని కింద నేల పోగొట్టుకున్న గోండు కుటుంబాలు ఓడిపోయాయి. ఓడినా తీర్పు న్యాయంగానే ఉందే అనుకుంది తను. ఇప్పుడు ఆ వాక్యాలన్నీ మీసాల మీద పులుసుతో ఎదురుగా కూర్చున్నాయి.

"ఒకవేళ నేను రేపు కోర్టులో చెప్పేస్తే? మీరొచ్చారని, ఇది తెచ్చారని?"

"చెప్పు." ఆయనకి చీమ కుట్టినట్టు కూడా లేదు. "చెబితే వాళ్ళ వకీలు లేచి, జడ్జిగారి మనసు మా మీద విరిగిపోయింది, కేసు మార్చండి అంటాడు. మారుస్తారు. చెప్పలేదనుకో, నేను నీ ఇంట్లో భోంచేసిన సంగతి నువ్వు దాచినట్టు. ఏదైనా మనకి మంచిదే. కూర్చుని బాగా ఆలోచించే వచ్చాను తల్లీ."

మనకి అన్నారాయన. అదే నోటితో చిన్నారావు పాడె ముందు గోవిందా అన్నారు.

రమణమ్మ వంటింట్లోంచి పెరుగు గిన్నెతో వచ్చింది. ఆమెకి ఇవేవీ వినపడలేదు. "ఇంకాస్త అన్నం ఎట్టమంటారా బాబూ?"

"అమ్మా, పెరుగు తేవద్దు" అంది ఉమారాణి లేచి నిలబడి. "సార్ లేస్తున్నారు."

రమణమ్మ గుమ్మంలోనే ఆగిపోయింది. అచ్చయ్యగారి చెయ్యి కంచంలోనే ఉండిపోయింది. తెలుగింట్లో పుట్టినవాడికి ఆ మాటకి అర్థం ఎవరూ చెప్పక్కర్లేదు. తింటున్న కంచం ముందు నుంచి లేపడం కన్నా చెంప మీద కొట్టడం నయం.

"ఏటే, నీకు మతిగాని పోనాదా?" అంది తల్లి. "తింటన్న పెద్దమనిషిని లేపుతావేటి?"

"లేవండి సార్. చెయ్యి బయట పంపు దగ్గర కడుక్కోండి."

ఆయన మొహం ఒక్క క్షణం ముసలిదైపోయింది. తర్వాత మళ్ళీ నవ్వు పూసుకున్నారు. లేచి, పంపు దగ్గర చెయ్యి కడుక్కుని, రుమాలుతో మీసాలు తుడుచుకున్నారు. కాగితాల కోసం చెయ్యి చాచలేదు.

"అవి ఉంచుకో" అన్నారు. "కోపంలో చదివితే ఒకలా ఉంటుంది, పొద్దున్నే చదివితే ఇంకోలా ఉంటుంది."

గేటు బయట కారు కదిలిన చప్పుడయ్యాక రమణమ్మ కూతురి మీద విరుచుకుపడింది.

"మీ నాన్నకి కొరివి ఎట్టినప్పుడు పక్కనున్న మనిషే ఆయన! నేను ఫోన్ చేసి పిలిస్తే వచ్చినాడు. శత్రువైనా తింటన్నప్పుడు లేపకూడదంటారు. ఆయనేం చేసినాడని?"

ఉమారాణి నాలుగో పేజీ తీసి, గవరయ్య గురించి ఆయన రాసిందంతా తల్లికి తెలుగులో చెప్పింది. ఒక్కో వాక్యం చెబుతుంటే నోరు కంపు కొడుతున్నట్టుంది.

రమణమ్మ వింటూ నేల మీద కూర్చుండిపోయింది. "దాలమ్మ మొగుడా? ఆ సీకాకుళపు దాలమ్మ? తాగినాడని ఎవలు సూసినారు?"

"ఎవరూ చూడలేదమ్మా."

"మరి ఈయనకెలా తెలిసినాదంట?"

రమణమ్మ లేచి కంచం దగ్గరికి వెళ్ళింది. అంచున ముళ్ళు వరసగా, శుభ్రంగా పేర్చి ఉన్నాయి. దాన్ని ఎత్తబోయి చెయ్యి వెనక్కి తీసుకుంది. పాతబట్ట తెచ్చి, దానితో పట్టుకుని, పెరట్లోకి తీసుకెళ్ళి, ముళ్ళతో సహా స్టీలు కంచాన్ని చెత్తకుండీలో పడేసింది.

"ఇంక దాన్లో ఎవలికెడతాం?" అంది లోపలికొచ్చి. ఆ పూట ఇంట్లో ఎవరూ పులుసు ముట్టలేదు.

ఉమారాణి తన గదిలో కూర్చుని తను రాసిన తీర్పుని చూసుకుంది. పది రోజుల కిందటే పూర్తయింది. ధనుంజయ్‌కీ అధికారికీ శిక్ష అందులో ఉంది. తప్పు పట్టడానికేమీ లేదు. అయినా చదవబుద్ధి కాలేదు. ప్రతి వాక్యం వెనకా ఆయన గొంతే వినిపిస్తోంది. ఎర్ర సిరాతో కొట్టేసి నేర్పిన ఆ నిరాడంబరమైన భాషలో ఇప్పుడు ఆయన ఎంగిలి ఉంది. ఇన్నేళ్ళూ తనదనుకున్న నిజాయితీ కూడా ఆయన దగ్గర అరువు తెచ్చుకున్నదేనా అనిపించి, లేచి వెళ్ళి కక్కుకుంది.

మొహం కడుక్కుని ఒక నిర్ణయానికి వచ్చింది. రేపు పీఠం ఎక్కగానే మొదట ఆయన వచ్చిన సంగతి తనే నోటితో చెప్పి రికార్డు చేయిస్తుంది. ఆ వెంటనే, ఎవరికీ లేచే సందివ్వకుండా తీర్పు చదివేస్తుంది. జడ్జిని ఎవడో కలవబోయాడన్నంత మాత్రాన జడ్జి తప్పుకోవాలని ఏ చట్టంలోనూ లేదు.

మర్నాడు కోర్టు హాలు కిటకిటలాడింది. ముద్దాయిల చోట ధనుంజయ్, అతని పక్కన ఆ అధికారి. ముందు వరసలో వాళ్ళ వకీలు రాజేష్, ఎప్పటికన్నా ప్రసన్నంగా ఉన్నాడు. ఉమారాణి వచ్చి కూర్చుంది. గొంతు సవరించుకుంది. స్టెనో వేళ్ళు సిద్ధంగా ఉన్నాయి.

"అమ్మా, జడ్జమ్మగోరూ! ఒక్క మాట!"

దాలమ్మ. వెనక బెంచీలోంచి లేచి, జనాన్ని తోసుకుంటూ ముందుకొచ్చింది. చేతిలో ఫోను. బంట్రోతు ఆపబోయాడు. అప్పుడు రాజేష్ లేచాడు. "మేడమ్, బేచారీ విధవరాలు. ఆమెని మాట్లాడనివ్వండి" అన్నాడు హిందీలో. ఈ రెండేళ్ళలో దాలమ్మ మీద అతనికి జాలి కలగడం అదే మొదటిసారి.

ఉమారాణికి సంగతి సగం అర్థమైంది.

"నాకీ బొమ్మ పంపినారమ్మా" అంది దాలమ్మ ఫోను ఎత్తి చూపిస్తూ. "ఇది మీ గేటు. ఇది కంపెనీ కారు. దిగుతన్నాడే, ఈ ముసిలాయన ధనుంజయ్ బాబు మనిసంట. నిన్న మీ ఇంట్లో బోయినం సేసినాడంట. నిజమేటమ్మా? నా పెనిమిటిని గోనిసంచీలో ఎత్తుకుని ఇంటికి తెచ్చుకున్నాను నేను. నాకు అబద్దం మాత్రం సెప్పకండి."

హాల్లో ఆ తెలుగు అర్థమైనవాళ్ళు తక్కువ. కానీ ఫోనులో ఫోటో అందరికీ అర్థమవుతుంది. భోజనం, పులుసు, ఆప్యాయత, అన్నీ ఆ ఒక్క ఫోటో కోసం. చెప్పినా మంచిదే, చెప్పకపోయినా మంచిదే అన్న మనిషి, తను చెప్పేలోగా ఇంకొకరి చేత చెప్పించాడు. అందుకు గవరయ్య పెళ్ళాన్నే వాడుకున్నాడు. ఉమారాణి దాలమ్మ వైపు తిరిగింది.

"నిజమే దాలమ్మా" అంది తెలుగులో. "భోంచేశారు. మా అమ్మ వడ్డించింది. నేను ఎదురుగా కూర్చున్నాను. ఎందుకొచ్చారో నాకు ముందు తెలీదు. తెలిశాక తింటున్న కంచం ముందు నుంచి లేపేశాను. ఆయన నన్నేం అడిగారో ఇప్పుడు అందరి ముందూ చెబుతాను. విన్నాక కూడా నా మీద నమ్మకం లేదంటే, నువ్వు అడగక్కర్లేదు, నేనే ఈ కుర్చీ దిగుతాను."

తర్వాత స్టెనో వైపు తిరిగి హిందీలో చెప్పడం మొదలుపెట్టింది. జస్టిస్ అచ్చయ్యగారి పేరు. జాబితాలో తన పేరు గురించి ఆయన అన్న మాట. జ్వరం సెలవు గురించి అన్న మాట. సంచీలోంచి కాగితాలు తీసి బల్ల మీద పెట్టింది. కవరు మూల పులుసు మరక ఎండి నల్లగా అయింది. చచ్చిపోయిన గవరయ్య మీద నేరం మోపిన పేరా చదివి, దాలమ్మకి తెలుగులో మళ్ళీ చెప్పింది.

దాలమ్మ ఫోనుని కొంగులో చుట్టేసింది.

"ఆక్షేపణ!" రాజేష్ అరుస్తున్నాడు. "జడ్జిగారే సాక్షి అయిపోయారు! ఈ కేసు ఇక్కడ ఒక్క నిమిషం కూడా..."

"ఒక్క క్షణం, రాజేష్‌జీ."

ఆ గొంతు విని హాలంతా వెనక్కి తిరిగింది. వకీళ్ళ వరస చివర, తెల్లచొక్కాలో అచ్చయ్యగారు లేచి నిలబడ్డారు. పొద్దున్నే వచ్చి కూర్చున్నారు కాబోలు, ఉమారాణి చూడలేదు. ముసలి వకీళ్ళు కొందరు అలవాటుగా లేచి చేతులు జోడించారు.

"నాకు చాలా బాధగా ఉంది" అన్నారాయన, అందరికీ అర్థమయ్యే హిందీలో, మెల్లగా. "ఈమె నా కూతురులాంటిది. అందుకే ఇన్నాళ్ళూ కప్పిపెట్టాను. నేను వెళ్ళలేదు. నన్ను పిలిచారు. ఫోను వాళ్ళింటికీ నాకూ మధ్య నడిచింది, కావాలంటే చూసుకోండి. హైకోర్టు కోసం సాయం చేయమని ఏడ్చింది. తీర్పు తనకి కుదరడం లేదు, రాసిపెట్టమంది. జాలిపడి రాశాను. అవే ఆ కాగితాలు. భాష చూడండి. ఈమె చెబితేనే కదా ఇలా రాయగలిగాను?"

హాల్లో గుసగుసలు తేనెపట్టు కదిపినట్టు లేచాయి. ఫోను నిజం. కాగితాలు తన బల్ల మీదే ఉండడం నిజం. భాష తనది. ఇన్ని నిజాల మీద కూర్చోబెట్టిన అబద్ధం ఎంత నున్నగా ఉందో! ఉమారాణి ఆయన్ని చూసింది. మీసాలు దువ్వుకుని, మచ్చలేని చొక్కా వేసుకుని, కళ్ళలో నీళ్ళు కూడా తెచ్చుకుని నిలబడ్డారు. పెంకు కింద పురుగులు పట్టిన కాయలా ఉన్నారు. ఇరవై ఏళ్ళు ఈ మనిషి కాళ్ళకి దండం పెట్టింది తను.

భయం వేయాల్సిన చోట ఆమెకి రోత మాత్రమే కలిగింది. ఆ రోతలో చిత్రంగా తల తేటపడింది.

"తీర్పు ఇంకా చదవలేదు" అంది. "కాబట్టి విచారణ ముగియలేదు. సెక్షన్ మూడువందల పదకొండు. సమన్లు లేకపోయినా సరే, కోర్టు హాల్లో హాజరుగా ఉన్న ఏ మనిషినైనా న్యాయస్థానం సాక్షిగా పిలవొచ్చు. ఈ పెద్దమనిషి హాజరుగా ఉన్నారు. కేసు గురించి తనకి తెలుసని తనే లేచి చెప్పారు. బోనులోకి రమ్మనండి. ప్రమాణం చేయించండి. ఈ కాగితాలు ఎవరు రాయించారో, కంపెనీ కారు ఎవరు పంపారో ప్రాసిక్యూటరుగారు అడుగుతారు. నేను అడగను. ఆ వాంగ్మూలాన్ని నేను తూకం వేయను, జిల్లా జడ్జిగారికి పంపుతాను."

రాజేష్ చట్టం పుస్తకం కోసం బల్ల మీద వెతికాడు.

బంట్రోతు తటపటాయించాడు. "మేడమ్, పిలుపు... జస్టిస్ సాహెబ్ అనా?"

"సాక్షిని ఎలా పిలుస్తారో అలా. పేరు, తండ్రి పేరు. అంతే."

"అచ్చయ్య! వల్ద్ సింహాద్రి! హాజిర్ హో!"

ఆ కేక వరండా దాటి మెట్ల దాకా వినబడింది. చేతులు జోడించిన ముసలి వకీళ్ళు ఒకరి తర్వాత ఒకరు కూర్చున్నారు. అచ్చయ్యగారి మొహంలో మొదటిసారి రంగు మారింది. జీవితమంతా ఆ బోనుని పైనుంచి చూసిన మనిషి. అయినా తడబడలేదు. గొంతు సవరించుకుని, చొక్కా సర్దుకుని, అడుగు ముందుకేశారు. దాలమ్మ దారి ఇచ్చింది.

"ఎల్లండి బాబూ" అంది. "నా మొగుడు తాగినాడని దేవుడి మీద పెమానం సేసి సెప్పండి."

ఆయన చెయ్యి బోను కొయ్య మీద పడింది. ఒక కాలు మెట్టు మీద పెట్టారు.

అప్పుడు ముద్దాయిల చోటు నుంచి కుర్చీ పడిపోయిన చప్పుడయింది. ధనుంజయ్ లేచి నిలబడ్డాడు. మొహం పాలిపోయింది. వకీలు చొక్కా పట్టి లాగుతున్నా వినడం లేదు.

"ఎక్కకండి సాహెబ్!" అని అరిచాడు. "ప్రమాణం మాత్రం చేయకండి! మనం అనుకున్నది ఇది కాదు!"

అచ్చయ్యగారు ఒక కాలు మెట్టు మీద, ఒక కాలు నేల మీద అలాగే ఉండిపోయారు.

"ఆ మాట కూడా రాసుకోండి" అంది ఉమారాణి స్టెనోతో.